వైరాలజీ అనే బోర్డు లేకుండానే: బెంగళూరులో వైరస్ పరిశోధన దారి

బెంగళూరులో వైరాలజీ చదవాలంటే ఏ కాలేజీలో చేరాలి అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు చాలామందికి రుచించదు. ఆ పేరున్న డిగ్రీ కోసం ఈ ఊళ్లో వెతక్కండి అంటాను. పేరుతో సహా కావాలంటే తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ వైరాలజీ ఎప్పటినుంచో ఉంది. పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ (ఎన్ఐవీ) అక్కడి విశ్వవిద్యాలయంతో కలిసి ఒక ఎమ్మెస్సీ నడుపుతోంది. మణిపాల్‌లోనూ ఉంది. బెంగళూరు సంగతి వేరు. ఇక్కడ వైరస్‌ల మీద పని బోలెడు జరుగుతుంది, కానీ చాలావరకు మైక్రోబయాలజీ, మాలిక్యులర్ బయాలజీ, ప్లాంట్ పాథాలజీ, వెటర్నరీ లాంటి బోర్డుల వెనక జరుగుతుంది. ఆ బోర్డులు చూసి 'ఇది మన సబ్జెక్టు కాదులే' అనుకునే పిల్లలు ఎక్కువ.

ఇంకో భయం కూడా వింటుంటాను. ఎమ్మెస్సీ వైరాలజీలో చేయకపోతే వైరస్‌ల మీద పీహెచ్‌డీ ఇవ్వరేమోనని. అలాంటి నియమం లేదు. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఎంబీబీఎస్, వెటర్నరీ, అగ్రికల్చర్, ఆఖరికి ఫిజిక్స్ నుంచి కూడా ఈ రంగంలోకి వచ్చినవాళ్లు ఉన్నారు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో డిగ్రీ పేరు మీద ఎవరూ ఎక్కువసేపు ఆగరు. మీరు చేసిన ప్రాజెక్టులో కంట్రోల్ ఏది పెట్టారు, ఈ గ్రాఫ్ చూస్తే మీకేమనిపిస్తోంది, ఫలితం తలకిందులై ఉంటే ఏం చేసేవారు అని తవ్వుతారు. అక్కడ తేలిపోతుంది.

బళ్లారి రోడ్డు మొదలుకొని

అనంతపురం వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లకు ఊరు సరిగ్గా మొదలవ్వకముందే ఈ సంస్థలు తగులుతాయి. యలహంకలో 'నివేది' ఉంది. పశువుల వ్యాధులు ఎక్కడెక్కడ ఎలా పాకుతున్నాయో లెక్కగట్టడం దాని పని. జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఉంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే హెచ్ఐవీ సబ్‌టైప్ సి మీద అక్కడ ఏళ్ల తరబడి పని జరిగింది, అదీ మాలిక్యులర్ బయాలజీ విభాగంలో. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకే ప్రాంగణంలో ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్), దాన్ని ఆనుకుని మూలకణాల పరిశోధన సంస్థ ఇన్‌స్టెమ్ ఉన్నాయి. హెబ్బాళలో పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐ వాళ్ల ప్రాంగణంలో గాలికుంటు టీకా మీద పని చేస్తారు. అటు నుంచి యశ్వంతపుర వైపు వస్తే ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్). ఆ పేరు అర్థంకాని ఆటో డ్రైవర్‌కు 'టాటా ఇన్‌స్టిట్యూట్' అంటే చాలు. అక్కడ వైరస్‌ల పని మైక్రోబయాలజీ అండ్ సెల్ బయాలజీ డిపార్ట్‌మెంట్‌లోనూ, సెంటర్ ఫర్ ఇన్ఫెక్షియస్ డిసీజ్ రీసెర్చ్‌లోనూ ఉంటుంది. ఊరి బయట హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ బొప్పాయి, టమాటా వైరస్‌ల సంగతి చూస్తుంది. బోర్డు మీద వైరాలజీ అని చదవగలిగే చోటు ప్రధానంగా హోసూరు రోడ్డు మీది మెదడు, నరాల, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్. అక్కడ న్యూరోవైరాలజీ విభాగం ఉంది. పుణె ఎన్ఐవీకి కూడా బెంగళూరులో ఒక యూనిట్ ఉంది.

ఈ చోట్లన్నిటిలో పనిచేసేవాళ్లను వైరాలజిస్టులే అంటాం గానీ, ఒకరి రోజు ఇంకొకరి రోజులా ఉండదు.

నిమ్హాన్స్ సంగతే తీసుకోండి. కుక్క కాటు తర్వాత లక్షణాలు మొదలైన మనిషికి వచ్చింది రేబిసేనా అని తేల్చాలి. లాలాజలం తీస్తారు, మెడ వెనక జుట్టు మొదలయ్యే చోట చిన్న చర్మం ముక్క తీస్తారు. అక్కడే ఎందుకంటే వెంట్రుకల కుదుళ్ల చుట్టూ సన్నని నరాలు ఉంటాయి, ఈ వైరస్ నరాల వెంట నడిచేది. ఆ ముక్కలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ కోసం వెతుకుతారు. ఒక్క శాంపిల్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన రేబిస్ కాదని రాసేయకూడదు, ఎందుకంటే వైరస్ లాలాజలంలోకి ఆగి ఆగి వస్తుంది. ఈ ల్యాబుల్లో చేరేవాళ్లు ముందే రేబిస్ టీకా వేయించుకోవాలి, తర్వాత రక్తంలో యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు పైన ఉన్నాయా లేదా అని ఎప్పటికప్పుడు చూపించుకోవాలి. రోగి, రిపోర్టు కోసం ఎదురుచూసే కుటుంబం, వార్డు నుంచి డాక్టర్ ఫోన్లు, ఇవన్నీ ఇక్కడ పనిలో భాగం. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ మైక్రోబయాలజీ చేసినవాళ్లకు ఇలాంటి చోట సహజంగా కుదురుతుంది.

దీనికి పూర్తిగా అటువైపు మొక్కల వైరస్‌లు. బైపీసీ పిల్లలు వీటిని లెక్కలోకే తీసుకోరు, నాకది ఎప్పుడూ ఆశ్చర్యమే. రాయలసీమవాళ్లు అయితే మరీను. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగ కాండం కుళ్లినట్టు నల్లబడి చచ్చిపోయింది. సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కూపీ లాగితే తేలింది టొబాకో స్ట్రీక్ వైరస్. వైరస్ దాక్కున్నది చేను గట్ల మీది వయ్యారిభామలో. ఆ మొక్కకు పైకి ఏ రోగమూ కనిపించదు, కానీ పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి వేరుశనగ ఆకుల్ని గీకినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. అందుకని పూతకు రాకముందే వయ్యారిభామను పీకేయండి, చేను చుట్టూ జొన్న వరసలు వేయండి అనే సలహా వచ్చింది. రైతు జేబులో పైసా తేడా తెచ్చే వైరాలజీ ఇది. పైగా దీనికి మనిషికి సోకే వైరస్‌తో వచ్చే భద్రతా తలనొప్పులు లేవు. బాపట్లలోనో తిరుపతిలోనో బీఎస్సీ అగ్రికల్చర్ చేసి, జీకేవీకేలో ప్లాంట్ పాథాలజీ తీసుకుంటే ఈ దారి తెరుచుకుంటుంది.

వైరస్ లేకుండా వైరాలజీ

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే తికమక పెట్టేది బీఎస్ఎల్ (బయోసేఫ్టీ లెవెల్) అంకెలు. ఒకటి నుంచి నాలుగు దాకా భద్రతా స్థాయిలు ఇవి. వైరస్ ఎంత ప్రమాదకరమో, గాలి ద్వారా సోకుతుందా, మందో టీకానో ఉందా అన్నదాన్ని బట్టి ఏ స్థాయిలో పట్టుకోవాలో నిర్ణయిస్తారు. మామూలు ల్యాబులు ఎక్కువగా రెండో స్థాయివి. కరోనా వైరస్‌ను కణాల్లో పెంచాలంటే మూడో స్థాయి కావాలి. అక్కడ గది లోపలి గాలి పీడనం బయటికంటే తక్కువగా ఉంచుతారు, తలుపు తీసినా గాలి లోపలికే పోతుంది, బయటికి వదిలే గాలి హెపా ఫిల్టర్ దాటాలి, వాడిన ప్రతి వస్తువూ ఆటోక్లేవ్‌లో ఉడికాకే బయటికి. నీపా లాంటివాటికి నాలుగో స్థాయి. పుణె ఎన్ఐవీలో అలాంటి ల్యాబ్ 2012లో వచ్చింది. ఐఐఎస్సీలో మూడో స్థాయి ఉంది.

సినిమాల్లో చూసిన తెల్ల సూట్ మీద మోజుతో మూడో స్థాయి ల్యాబే కావాలని పట్టుబట్టేవాళ్లుంటారు. లోపలికి వెళ్లడానికే శిక్షణ, అనుమతి, వైద్య పరీక్షలు. ఒంటరిగా వెళ్లకూడదు, కాబట్టి తోడు దొరికే టైమ్ చూసుకోవాలి. లోపల మూడు గంటలు ఉంటే నీళ్లు తాగడానికి కూడా కుదరదు. ఒక చిన్న ప్రయోగానికి ఒక రోజంతా పోతుంది. అందుకే ఆ సౌకర్యం ఉన్నవాళ్లు కూడా వీలైనంత పని బయటే చేస్తారు.

బయట ఎలా చేస్తారంటే, సూడోవైరస్‌ల మీద. ఒక వైరస్ పైపొరలోని ప్రొటీన్‌ను తీసుకుని, తనంతట తాను పెరగలేని ఇంకో వైరస్ డొల్లకు తొడుగుతారు. అది కణంలోకి ఒకసారి దూరగలదు, లోపల ఒక వెలుగునిచ్చే జన్యువును వదులుతుంది, అంతటితో దాని కథ ముగుస్తుంది. టీకా వేసుకున్నవాళ్ల రక్తం కలిపినప్పుడు ఆ వెలుగు ఎంత తగ్గితే యాంటీబాడీలు అంత బాగా అడ్డుకున్నట్టు. దీనికి రెండో స్థాయి ల్యాబ్ సరిపోతుంది. కొందరు వైరస్ ప్రొటీన్ ఒక్కదాన్నే తయారుచేసి దాని ఆకారం చూస్తారు. ఎన్‌సీబీఎస్ ప్రాంగణంలోని క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అలాంటి పనికే. కొందరు కంప్యూటర్ ముందు కూర్చుని వేల జీనోమ్‌లు పోల్చి ఏ మార్పు ఎక్కడ మొదలైందో వెతుకుతారు. అసలు వైరస్‌ను ఎన్నడూ ముట్టుకోని వైరాలజిస్టులు ఉన్నారు. వాళ్లది తక్కువరకం పనేమీ కాదు.

బెంచ్ మీద అసలు ఏం చేస్తారో ఒక్క ఉదాహరణ చూపిస్తాను. ద్రవంలో ప్రాణమున్న వైరస్ ఎంత ఉందో లెక్కపెట్టాలి. దీన్ని ప్లాక్ అస్సే అంటారు. జంతువుల వైరస్‌లకు ఈ పద్ధతిని రెనాటో డుల్బెకో 1952లో తెచ్చాడు, ఇప్పటికీ అదే గతి. ముందు రోజు వీరో కణాలను ప్లేటు గుంటల్లో పరుస్తారు. ఇవి 1962లో జపాన్‌లో ఒక ఆఫ్రికన్ కోతి మూత్రపిండం నుంచి తీసిన కణాలు, ప్రపంచమంతా వాడుతుంది. మర్నాటికి అవి అడుగున ఒకే పొరగా అల్లుకుని ఉండాలి. పల్చగా ఉన్నా, ఒకదానిమీదొకటి ఎక్కినా ఆ రోజు ప్రయోగం లేనట్టే. వైరస్‌ను పదోవంతు, అందులో పదోవంతు అంటూ పల్చన చేసుకుంటూ పోయి ఒక్కో గుంటలో పోస్తారు. గంటసేపు ప్లేటును పదిహేను నిమిషాలకోసారి అటూఇటూ వంచుతూ ఉండాలి, లేకపోతే మధ్యలో కణాలు ఎండిపోతాయి. తర్వాత పైన చిక్కటి జెల్ పోస్తారు, వైరస్ పక్క కణానికే తప్ప దూరం ఈదకుండా. అది వేడిగా పోస్తే కణాలు చస్తాయి, చల్లారనిస్తే గడ్డకడుతుంది. డెంగీ అయితే అయిదు నుంచి ఏడు రోజులు ఇంక్యుబేటర్‌లో. ఆఖర్న ఫార్మలిన్, క్రిస్టల్ వయొలెట్, కుళాయి కింద కడగడం. బతికిన కణాలు ఊదారంగు పట్టి ఉంటాయి, వైరస్ తిన్నచోట గుండ్రటి తెల్ల చుక్కలు. ఆ చుక్కలు లెక్కపెట్టి, ఎన్ని రెట్లు పల్చన చేశారో దానితో గుణిస్తే లెక్క వస్తుంది. వేళ్లకు ఊదారంగు రెండు రోజులు పోదు. ఇదంతా ఒక పేపర్లో ఒక బొమ్మలో ఒక నల్ల గీత. ఈ వర్ణన చదివినప్పుడు విసుగు రాకుండా 'జెల్ ఎంత వేడిలో పోయాలి?' అనే ప్రశ్న వచ్చినవాళ్లు ఈ రంగంలో నిలబడతారని నా అంచనా.

దుర్గారావు గారి ల్యాబ్ వైరస్, ఢిల్లీ వైరస్

'పదేళ్లు చదివితే ఒక టీకా కనిపెట్టొచ్చా?' అని అడుగుతారు. దీనికి ఐఐఎస్సీలోనే మంచి ఉదాహరణ ఉంది. పసిపిల్లల్ని విరేచనాలతో పీల్చేసే రోటావైరస్ మీద ప్రొఫెసర్ సి. దుర్గారావు బృందం అక్కడ పనిచేసింది. బెంగళూరులో అప్పుడే పుట్టిన పిల్లల్లో, ఏ జబ్బూ లేకుండా ఒక రోటావైరస్ సోకి ఉండటం గమనించారు. దానికి ఐ321 అని పేరు. రోటావైరస్ జన్యువులు 11 ముక్కలుగా ఉంటాయి. ఈ వైరస్‌లో తొమ్మిది ముక్కలు ఆవులకు సోకే రకానివి, రెండే మనిషి రకానివి. జబ్బు చేయకుండా సోకే వైరస్ అంటే సహజసిద్ధమైన టీకాకు అభ్యర్థి అన్నమాట. సరిగ్గా ఇలాంటిదే ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల్లో దొరికింది, 116ఇ అని. రెండింటినీ పసిపిల్లల్లో పక్కపక్కన పరీక్షించారు, ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. 116ఇ ఇచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి రోగనిరోధక స్పందన వచ్చింది. ఐ321 అక్కడ ఆగిపోయింది. 116ఇ భారత్ బయోటెక్ చేతిలో రోటావాక్ అయి 2014లో లైసెన్స్ పొందింది. 2016లో జాతీయ టీకా కార్యక్రమంలో మొదట చేరిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వైరస్ దొరికింది 1980ల్లో అని గుర్తుపెట్టుకుంటే, మధ్యలో దాదాపు 30 ఏళ్లు.

ఐ321 మీద పనిచేసినవాళ్లు ఓడిపోయారని నేను అనను. ఆవు వైరస్, మనిషి వైరస్ ముక్కలు మార్చుకుంటాయని చెప్పే గట్టి ఆధారాల్లో అదొకటి. ఆ పని మీద పీహెచ్‌డీలు వచ్చాయి, ఆ పీహెచ్‌డీలతో ఉద్యోగాలు వచ్చాయి. కానీ టీకా సీసా మీద వాళ్ల వైరస్ లేదు. కోలార్‌లో ఒక రోగి నుంచి వేరుచేసిన మెదడువాపు వైరస్‌కు ఇంకో రకం అదృష్టం పట్టింది. అది చాలా ఏళ్ల తర్వాత, 2013లో, జెన్‌వాక్ టీకాగా బయటికొచ్చింది. ఏది ఎటు పోతుందో మొదటి రోజు ఎవరికీ తెలియదు. కాబట్టి పేరు కోసం వచ్చేవాళ్లకు ఈ రంగం సరిపడదు.

డబ్బులు, పరీక్షలు, వయసు

ఇంటర్ తర్వాత ఐఐఎస్సీ నాలుగేళ్ల బీఎస్ రీసెర్చ్, తిరుపతి ఐసర్ లాంటివి ఒక దారి. బీఎస్సీ తర్వాత జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐఎస్సీ, జవహర్‌లాల్ సెంటర్లలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్, గేట్, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) వాళ్ల బెట్ పరీక్షలు ఉన్నాయి. ఎన్‌సీబీఎస్‌కు టీఐఎఫ్ఆర్ పెట్టే జేజీబిల్స్ అనే పరీక్ష. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే ఒక సుఖం ఏమిటంటే ఫెలోషిప్ మీ పేరు మీద ఉంటుంది, ల్యాబ్ గ్రాంటు మీద ఆధారపడదు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) 42,000, దానిమీద హెచ్ఆర్ఏ. క్యాంపస్ హాస్టల్ దొరికితే హాయిగా బతకొచ్చు. దొరక్కపోతే మత్తికెరెలోనో సహకారనగర్‌లోనో ఆంధ్రా భోజనం పెట్టే పీజీ ఉంటుంది, అద్దెకు ఎంత పోతుందో ఐటీ మిత్రుల్ని అడగండి. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి: ఫెలోషిప్ డబ్బులు కొన్ని నెలలు ఆలస్యంగా పడటం ఈ దేశంలో రీసెర్చ్ స్కాలర్లందరికీ తెలిసిన టెన్షన్. రెండు మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకునే చేరండి.

లెక్క వేస్తే, పీహెచ్‌డీకి అయిదారేళ్లు, తర్వాత ఎక్కువమంది విదేశాల్లో మూడు నుంచి అయిదేళ్లు పోస్ట్‌డాక్, అంటే ఇంకొకరి ల్యాబ్‌లో తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. సొంత ల్యాబ్ దొరికేసరికి 35 దగ్గరపడతాయి. తిరిగి రావడానికి రామలింగస్వామి, హైదరాబాద్ నుంచి నడిచే ఇండియా అలయన్స్ లాంటి ఫెలోషిప్‌లు ఆసరా. ఐఐఎస్సీ లాంటి చోట అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 1,01,500 దగ్గర మొదలవుతుంది, ఐసీఎంఆర్ సంస్థల్లో సైంటిస్ట్-బి అయితే 56,100 దగ్గర. పీహెచ్‌డీ చేసినవాళ్లలో ఎక్కువమంది ఈ కుర్చీల దాకా రారు. ఈ మాట ఇంట్లోవాళ్లు ముందే వినడం మంచిది, ముఖ్యంగా 29 ఏళ్ల ఆడపిల్ల ఇంకా చదువుతోందేమిటని చుట్టాలు అడిగే ఇళ్లల్లో.

మిగతావాళ్లు ఖాళీగా ఏమీ ఉండరు. మెడికల్ కాలేజీల్లో వైరస్ పరీక్షలు చేసే వీఆర్‌డీఎల్ ల్యాబులకు శాస్త్రవేత్తలు కావాలి, తిరుపతి స్విమ్స్‌లోనూ ఒకటుంది. వీటిలో చాలా పోస్టులు కాంట్రాక్టువి, అది చూసుకోవాలి. బెంగళూరులో జీవకణాల్లో మందులు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి. తమ ప్రక్రియ వైరస్‌లను తీసేయగలదని అవి నిరూపించి చూపాలి, ఆ పరీక్షలు చేసేవాళ్లకు గిరాకీ ఉంది. క్యాన్సర్‌కు కార్-టి చికిత్స చేసే ఇమ్యునీల్ ఈ ఊరిదే. రోగి కణాల్లోకి కొత్త జన్యువును చేర్చడానికి పనికొచ్చే వాహనం లెంటీవైరస్. బ్యాక్టీరియాను తినే వైరస్‌ల మీద గంగాజెన్ ఇక్కడే పుట్టింది. వైరస్‌ను శత్రువుగా కాక పనిముట్టుగా వాడే ఈ ఉద్యోగాల గురించి క్యాంపస్‌లలో ఎక్కువ చెప్పరు, జీతాలు మాత్రం కాంట్రాక్టు పోస్టుకంటే నయం.

ల్యాబ్ వెతికేటప్పుడు వెబ్‌సైట్‌లోని 'మా ఆశయాలు' పేజీ వదిలేసి గత మూడేళ్ల పేపర్లు తెరవండి. మొదటి పేరు విద్యార్థిదేనా, పద్ధతుల భాగంలో ఏ కణాలు, ఏ స్థాయి ల్యాబ్ వాడారు అన్నది చూడండి. అక్కడ నుంచి బయటికొచ్చినవాళ్లు ఎన్నేళ్లకు వచ్చారు, ఇప్పుడెక్కడున్నారో కనుక్కోండి. కుదిరితే ప్రొఫెసర్ లేనప్పుడు క్యాంటీన్‌లో ఒక సీనియర్ అన్నతోనో అక్కతోనో పది నిమిషాలు మాట్లాడండి, వెబ్‌సైట్‌లో లేనివన్నీ అక్కడ తెలుస్తాయి. బీఎస్సీ, ఎమ్మెస్సీలో ఉన్నవాళ్లకు సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ ఉంది. రెండు నెలలు ఒక ల్యాబ్‌లో పని చేసి, ఇది మనవల్ల అవుతుందో లేదో చూసుకోవచ్చు. దరఖాస్తులు అంతకుముందు ఏడాది చివర్లోనే ఉంటాయి కాబట్టి మార్చిలో గుర్తుకొస్తే ఉపయోగం లేదు. విడిగా మెయిల్ రాసేవాళ్లు 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ప్యాషనేట్' అనే పేరా తీసేసి, ఆయన పేపర్లో మీకు అర్థంకాని ఒక ప్రయోగం గురించి రెండు వాక్యాలు అడగండి. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి మళ్లీ రాయొచ్చు, తప్పేం లేదు, మెయిళ్లు మర్చిపోవడం ప్రొఫెసర్లకు మామూలే.